అంటు కింది చిగుళ్ళు - అలవాట్ల సంస్కరణ

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు” అని మన పెద్దలు ఒక సామెత చెబుతుంటారు. “మొక్కై వంగనిది మానై వంగునా” అని మరొకటి ఉంది. ఈ రెండూ జీవితానుభవం నుంచి పుట్టిన మాటలే. కాదనలేము. కాని వీటిని అక్షరాలా నమ్మితే ఒక పెద్ద చిక్కు వచ్చిపడుతుంది. మనిషి మారడనే అనుకుంటే దైవప్రవక్తలు దేనికి వచ్చినట్లు? తౌబా ద్వారం ఎందుకు తెరిచి ఉన్నట్లు? సగం జీవితం అజ్ఞానకాలపు ఆచారాలలో గడిపి, ఆ తర్వాత విశ్వసించిన సహాబాల నడవడి ఎలా మారినట్లు?

మరోవైపు, మనిషి తలచుకోగానే మారిపోతాడనుకోవడం కూడా పొరపాటే. ప్రతి రమజాను నెలాఖరున మనం ఎన్ని సంకల్పాలు చేసుకుంటామో, షవ్వాల్ నెల ముగిసేసరికి అందులో ఎన్ని మిగులుతాయో ఎవరి సంగతి వారికి తెలుసు. కాబట్టి ఈ నెల పాఠంలో రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం. జీవితమంతా వెంట వచ్చిన అలవాటును మనిషి మార్చుకోగలడా? మంచి అలవాటును నాటుకుంటే, అది ఎండిపోకుండా ఎలా కాపాడుకోవాలి?

మామిడితోటలో ఒక పాఠం

మేముండేది నూజివీడు ప్రాంతంలో. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో చేరింది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి - ఎటు వెళ్ళినా మామిడితోటలే. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయ అనే తోతాపురి ఇక్కడి ముఖ్యమైన రకాలు. మా జమాఅత్‌లో డెబ్బై దాటిన ఒక చాచా ఉన్నారు. వయసులో ఉన్నప్పటి నుంచి మామిడి అంట్లు కట్టడమే ఆయన పని. ఒకసారి అస్ర్ నమాజు తర్వాత ఆయన వెంట తోటకు వెళ్ళాము.

“మౌల్వీ సాబ్, బంగినపల్లి టెంక పాతితే ఏం మొలుస్తుందో చెప్పండి” అని అడిగారు.

“బంగినపల్లే కదా చాచా” అన్నాము.

ఆయన నవ్వారు. “అదే రాదండీ. ఏదో నాటుకాయ వస్తుంది. బంగినపల్లి కావాలంటే నాటుమొక్క మీద మంచి చెట్టు కొమ్మ తెచ్చి అంటు కట్టాల్సిందే.”

తర్వాత ఆయన ఒక లేత మొక్క దగ్గర కూర్చుని, అంటు కట్టిన చోటుకు కిందుగా వచ్చిన రెండు చిగుళ్ళను గోటితో తుంచేశారు. “ఇది నాటు చిగురు. పైన ఎంత మంచి కొమ్మ ఉన్నా కింద వేరు నాటుదే కదా, అది ఊరుకోదు. వానలు పడగానే తల ఎత్తుతుంది. చూసీ చూడనట్టు వదిలేస్తే బలమంతా అదే లాగేసుకుంటుంది. పైకొమ్మ ఎండిపోతుంది. అప్పుడు తోటాయన నాటుమొక్క అంటగట్టారని నర్సరీవాళ్ళను తిడతాడు. తప్పు నర్సరీవాళ్ళది కాదు, చిగురు తుంచని చేతిది.”

గట్టు మీద కూర్చుని టీ తాగాము. గ్లాసు కింద పెట్టగానే చాచా చెయ్యి చొక్కా జేబు దగ్గరకు వెళ్ళి, ఖాళీగా వెనక్కు వచ్చింది. మేము చూడటం ఆయన గమనించారు. “బీడీ మానేసి పదకొండేళ్ళయింది మౌల్వీ సాబ్. చెయ్యి మాత్రం ఇంకా మర్చిపోలేదు” అన్నారు.

అలవాట్ల గురించి మేము చదివిన చాలా విషయాలు ఆ సాయంత్రం మాకు బాగా అర్థమయ్యాయి.

అలవాటు అంటే ఏమిటి?

ఉర్దూలో మనం ‘ఆదత్’ అంటాము. అది అరబ్బీ నుంచి వచ్చిన మాట. దాని మూలధాతువుకు ‘మళ్ళీ రావడం’ అని అర్థం. పండుగను ‘ఈద్’ అనడానికి కూడా భాషావేత్తలు చెప్పే కారణం ఇదే - ఏటేటా తిరిగి వస్తుంది కాబట్టి. అంటే అలవాటు స్వభావమే తిరిగి రావడం. చేసిన పని మళ్ళీ చేయాలనిపించడం, ఆ తర్వాత ఆలోచించకుండానే చేసేయడం.

నేటి వైద్యశాస్త్రం కూడా ఈ మాటకు దగ్గరగానే వచ్చింది. పదే పదే చేసే పనుల క్రమాన్ని మెదడు లోపలి ‘బేసల్ గాంగ్లియా’ అనే భాగం పట్టి ఉంచుతుంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఆన్ గ్రేబియెల్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకలపై పరిశోధన జరిపి 2005లో ఫలితాలు ప్రకటించింది. ఎలుకలకు ఒక అలవాటు నేర్పినప్పుడు వాటి మెదడులో ఒక ప్రత్యేక క్రమం ఏర్పడింది. దొరికే ఆహారాన్ని ఆపేస్తే ఆ క్రమం సన్నగిల్లింది. ఆహారం మళ్ళీ చూపగానే పాత క్రమం తిరిగి ప్రత్యక్షమయింది. అంటే అది చెరిగిపోలేదు, అణిగి ఉంది. చాచా చెప్పిన నాటు వేరు సంగతి ఇదే.

ఇది తెలిస్తే నిరాశ పడాలా? అక్కర్లేదు. ఇక్కడ మన ఉలమాలు చేసిన ఒక విభజన ఎంతో మేలు చేస్తుంది. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ (1863-1943) తన శిష్యులకు పదే పదే బోధించిన సూత్రం ఏమిటంటే, మనిషి విషయాలు రెండు రకాలు. కొన్ని ‘ఇఖ్తియారీ’, అంటే మన చేతిలో ఉన్నవి. కొన్ని ‘గైర్ ఇఖ్తియారీ’, మన చేతిలో లేనివి. చేతిలో ఉన్న దానిలో నిర్లక్ష్యం చేయకూడదు, చేతిలో లేని దాని కోసం కుమిలిపోకూడదు. పాత కోరిక మనసులో మెదలడం మన చేతిలో లేదు. దాని వెంట నడవడమా మానడమా అన్నది మన చేతిలో ఉంది. చిగురు రావడం పాపం కాదు. దాన్ని పెరగనివ్వడమే పాపం.

హృదయం పట్టే తుప్పు

దివ్యఖుర్ఆన్‌లో ‘ముతఫ్ఫిఫీన్’ అనే 83వ సూరా ఉంది. తూకంలో, కొలతలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ అది మొదలవుతుంది. అదే సూరాలో 14వ ఆయతు, వారి చేష్టలే వారి హృదయాలకు తుప్పుగా పట్టాయని తెలియజేస్తుంది. ఈ రెండు విషయాలు ఒకే సూరాలో రావడంపై దృష్టి పెట్టండి. తూకంలో కాస్త తగ్గించడం మనిషికి పెద్ద నేరంగా అనిపించదు. రోజూ చేసేది, అందరూ చేసేది అనిపిస్తుంది. తుప్పు కూడా ఒక్కరోజులో పట్టదు కదా!

తిర్మిజీ గ్రంథంలోని హదీసు దీన్ని మరింత వివరిస్తుంది. దాసుడు పాపం చేసినప్పుడు అతని హృదయంపై ఒక నల్లని చుక్క పడుతుందనీ, దాన్ని మానుకుని క్షమాపణ కోరుకుంటే అది తుడుచుకుపోతుందనీ, మళ్ళీ మళ్ళీ చేస్తే ఆ చుక్క పెరిగి హృదయాన్నంతా కమ్మేస్తుందనీ దైవప్రవక్త (స) బోధించారు. చెడ్డ అలవాటులోని అసలు ప్రమాదం ఇది. మొదటిసారి చేసినప్పుడు గుండె దడదడలాడుతుంది. పదోసారికి ఆ దడ ఉండదు. వందోసారికి, దీనిలో తప్పేముందని వాదించే స్థితి వస్తుంది.

మన మామిడి వ్యాపారాన్నే తీసుకోండి. కాల్షియం కార్బైడ్‌తో కాయలు మగ్గబెట్టడాన్ని మన దేశపు ఆహార భద్రతా నిబంధనలు 2011లోనే నిషేధించాయి. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ వంటి విషపదార్థాల జాడలు ఉంటాయి. దానికి బదులు ఇథిలీన్ వాయువును పరిమితి మేరకు వాడుకునే వీలుంది. అయినా కార్బైడ్ పొట్లాలు దొరుకుతున్నాయని ప్రతి వేసవిలో వింటూనే ఉంటాం. అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: “ఎప్పటి నుంచో ఇలాగే చేస్తున్నాం సాబ్.” మన తోటివాడి పిల్లలు తినే పండు అది. ‘ఎప్పటి నుంచో’ అన్న మాట అల్లాహ్ ముందు సాకు కాలేదు.

తోట పూత మీద ఉండగానే బేరం చేసుకోవడం కూడా ఇలాంటి పాత అలవాటే. మదీనాలోనూ ఈ అలవాటు ఉండేది. ప్రజలు పండ్లను ముందే అమ్ముకునేవారనీ, కోతకు వచ్చేసరికి కాపుకు తెగులు తగిలిందంటూ కొన్నవారు గొడవకు దిగేవారనీ, తగాదాలు పెరిగినప్పుడు పండు పక్వ లక్షణాలు కనపడేదాకా అమ్మవద్దని దైవప్రవక్త (స) సూచించారనీ హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) తెలిపారు. అల్లాహ్ కాపును ఆపేస్తే నీ సోదరుని సొమ్ము ఏ హక్కుతో తీసుకుంటావన్న ప్రశ్న కూడా ఈ సందర్భంలోనే హదీసులలో వచ్చింది. తోట ఉన్నవారు, కొనేవారు తమ ఒప్పందం తీరును తెలిసిన ఉలమాకు వివరించి, ధర్మబద్ధమైన మార్గం అడిగి తెలుసుకోవాలి. మా తాత చేశాడు, మేమూ చేస్తున్నాం అనుకుని ఊరుకోకూడదు.

మదీనా వీధులు చెప్పే చరిత్ర

అలవాటును మాన్పించిన తీరుకు చరిత్రలో గొప్ప ఉదాహరణ మద్య నిషేధం. అరబ్బుల జీవితంలో మద్యం నరనరాన జీర్ణించి ఉండేది. అల్లాహ్ దాన్ని ఒకేసారి నిషేధించలేదు. మొదట బఖరా సూరా (2:219), అందులో కొంత లాభం ఉన్నా పాపమే ఎక్కువని తెలిపింది. తర్వాత నిసా సూరా (4:43), మత్తులో ఉండగా నమాజు దరిదాపులకు రావద్దంది. రోజుకు అయిదు పూటలా నమాజు చేసేవాడికి ఇక తాగడానికి మిగిలే సమయమెంత? చివరకు మాయిదా సూరా (5:90-91) పూర్తిగా నిషేధించింది.

ఆ రోజు హజ్రత్ అనస్ (రజి) అబూ తల్హా (రజి) ఇంట్లో అందరికీ మద్యం పోస్తున్నారు. వీధిలో నిషేధ ప్రకటన వినబడింది. వెళ్ళి పారబోసి రమ్మని అబూ తల్హా (రజి) ఆయనకు చెప్పారు. మదీనా వీధులలో మద్యం పారిందని బుఖారీ గ్రంథంలో ఉంది. గ్లాసు పూర్తిచేసి మానేద్దామని ఎవరూ అనలేదు. ఇది ఎలా సాధ్యమయింది? హజ్రత్ ఆయిషా (రజి) దీనికి కారణం చెప్పారు. మొదట స్వర్గనరకాల ప్రస్తావన ఉన్న సూరాలు అవతరించాయి, హృదయాలు ఇస్లాం వైపు స్థిరపడ్డాక హలాల్ హరామ్ ఆదేశాలు వచ్చాయి. మొట్టమొదటే మద్యం తాగవద్దని వచ్చి ఉంటే, ఎన్నటికీ మానమనేవారని ఆమె వివరించారు.

మన రాష్ట్ర అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న పేద మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ తల్లుల పోరాటం గౌరవించదగినది. కాని 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. అమెరికాలోనూ 1920లో వచ్చిన నిషేధం 1933లో రద్దయింది. రద్దుకు రాజకీయ, ఆర్థిక కారణాలు ఎన్నో ఉండవచ్చు. మనం గ్రహించవలసింది ఒకటుంది. చట్టం దుకాణం మూయగలదు. లోపలి దాహాన్ని తీర్చవలసింది విశ్వాసమే. మన ఇంట్లో కుర్రవాడి చెడు అలవాటు మాన్పించాలన్నా ఇదే వరుస పాటించాలి. మొదట హృదయం, తర్వాత ఆదేశం. మనం మాత్రం తరచూ తిట్టుతో మొదలుపెట్టి, హృదయం దాకా వెళ్ళనే వెళ్ళము.

గాలివాన కాదు, ముసురు వాన

ఇక మంచి అలవాటు నాటుకోవడం సంగతి చూద్దాం. అల్లాహ్‌కు అన్నిటికన్నా ప్రీతికరమైన ఆచరణ, కొంచెమైనా సరే, నిలకడగా చేసేదని దైవప్రవక్త (స) బోధించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆయన ఆచరణ ఎలా ఉండేదని అడిగినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ‘దీమహ్’ అనే పదం వాడారు. ఉరుము, మెరుపు లేకుండా, ఆగకుండా, నెమ్మదిగా కురిసే వానను అరబ్బులు అలా అంటారు. మామిడి రైతులకు ఈ పోలిక విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక్క గాలివాన వస్తే కాయంతా నేలరాలుతుంది. వేళకు కురిసిన ముసురు వాన నేలలోకి ఇంకుతుంది.

చాలా మామిడి రకాలకు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు కాపు తగ్గించే గుణం ఉంది. మన ఆరాధనలూ ఇలాగే ఉంటున్నాయి. రమజానులో ఖుర్ఆన్ రెండు మూడుసార్లు పూర్తిచేస్తాం. తర్వాత పదకొండు నెలలు గిలాఫు విప్పము. రాత్రిళ్ళు నమాజు చేస్తూ తర్వాత మానేసిన ఫలానా వ్యక్తిలా కావద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి)ను హెచ్చరించారు. శక్తికి మించి ఉపవాసాలు పాటించాలనుకున్న ఆయనకు తేలిక మార్గం కూడా చూపించారు. ఆయన యౌవనపు ఉత్సాహంలో ఎక్కువే ఎంచుకుని, ముసలితనంలో ఆ రాయితీని అప్పుడే స్వీకరించి ఉంటే బాగుండేదని అనుకున్నారు. ఎంత మొదలుపెట్టామన్నది కాదు, ఎంత నిలబెట్టుకోగలమన్నది ముందు ఆలోచించాలి.

ఒక అలవాటు కుదురుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది? లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించింది. రోజూ ఒకే సందర్భంలో ఒక చిన్న పని చేయమని చెప్పారు. ఆ పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలగా, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా వారు గమనించారు. షైతాను మనల్ని పడగొట్టేది సరిగ్గా ఈ ఒక్కరోజు దగ్గరే. “నిన్న ఫజ్ర్ తప్పింది కదా, నీవల్ల కాదులే” అంటాడు. తప్పిన నమాజును ఖజా చేసి, తౌబా చేసుకుని, మరుసటి ఫజ్ర్‌కు లేచినవాడే గెలిచినట్లు.

గంట ఎవరిది?

ఇక్కడ మా సొంత లోపం ఒకటి చెప్పుకోవాలి. చదువుకునే రోజుల్లో మేము తహజ్జుద్‌కు క్రమం తప్పకుండా లేచేవాళ్ళం. అది మా ఘనతే అనుకున్నాము. చదువు ముగించి ఇంటికి వచ్చాక మూడు నెలలు గడవకముందే తహజ్జుద్ పోయింది. ఆలోచిస్తే తెలిసింది - మమ్మల్ని లేపింది మదర్సా గంట, పక్క మంచం మీది తోటి విద్యార్థి. గంట అక్కడే ఉండిపోయింది, మేము వచ్చేశాము. మళ్ళీ ఆ అలవాటు రావడానికి చాలా కాలం పట్టింది. ఇషా తర్వాత కబుర్లు మానుకుని, ఫోను వేరే గదిలో పెట్టి పడుకోవడంతో, రెండు రకాతులతో మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది.

దీన్ని బట్టి తెలిసేదేమిటంటే, అలవాటుకు ఒక కొక్కెం కావాలి. ఎక్కడ, ఎప్పుడు, దేని తర్వాత అన్నది ఖాయం చేసుకోవాలి. సహాబాల జీవితాలు చూడండి. హజ్రత్ బిలాల్ (రజి) వుజూ చేసిన ప్రతిసారీ తనకు వీలైనంత నమాజు చేసేవారు. స్వర్గంలో తన ముందు ఆయన అడుగుల చప్పుడు విన్నానని దైవప్రవక్త (స) చెప్పి, నీ ఆచరణ ఏమిటని అడిగినప్పుడు బిలాల్ (రజి) చెప్పింది దీని గురించే. వుజూ ఎలాగూ చేయాలి, దానికి నమాజును తగిలించారు.

హజ్రత్ ఫాతిమా (రజి) ఇంటి పనితో చేతులు కందిపోయి సేవకులు కావాలని కోరినప్పుడు, పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పలకడం అంతకన్నా మేలైనదని తండ్రి నేర్పారు. ఆ రోజు నుంచి తాను దాన్ని ఎన్నడూ వదలలేదని హజ్రత్ అలీ (రజి) చెప్పారు. సిఫ్ఫీన్ యుద్ధపు రాత్రి కూడానా అని అడిగితే, ఆ రాత్రి కూడా వదలలేదని జవాబిచ్చారు. పడక అనే కొక్కేనికి తగిలించిన అలవాటు, యుద్ధంలో కూడా జారిపోలేదు.

లేత వయసు, ముదురు వయసు

చిన్నతనంలో నాటిన అలవాటు ఎంత దూరం వస్తుందో హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) ఉదంతం చెబుతుంది. ఆయన దైవప్రవక్త (స) ఇంట పెరిగిన బాలుడు. భోజనం చేసేటప్పుడు చెయ్యి పళ్ళెమంతా తిరిగేది. దైవప్రవక్త (స) కోపగించలేదు. అల్లాహ్ పేరు తలచుకోమనీ, కుడిచేత్తో తినమనీ, తన ముందున్నది తినమనీ మూడు మాటలు నేర్పారు. ఆనాటి నుంచి తాను తినే తీరు అదేనని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. పిల్లలకు ఏడేళ్ళకే నమాజు నేర్పమన్న హదీసు వెనక ఉన్న వివేకం కూడా ఇదే. అది విధి అయ్యేనాటికి అలవాటై ఉండాలి.

మన నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి పూర్తికాగానే, పదిహేను పదహారేళ్ళ పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆరేళ్ళు హాస్టల్లో ఉంటారు. ఇలాంటి చదువులకు పిల్లలను పంపే తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. పెట్టెలో బట్టలు సర్దే రోజున నమాజు గురించి చెబితే ఆలస్యమయినట్లే. అమ్మ లేపితేనే లేచే పిల్లవాడికి హాస్టల్లో అమ్మ ఉండదు. మా మదర్సా గంట కథే అక్కడా జరుగుతుంది. పదో తరగతిలోనే, తనంతట తాను లేచే అలవాటు చేయించండి.

మరి వయసు ముదిరిన వారి సంగతి? మాను వంగదన్నది నిజమే. కాని మామిడితోటలలో ముసలి చెట్లను ఏం చేస్తారో చూడండి. కాపు ఉడిగిన చెట్టు కొమ్మలను కత్తిరిస్తారు. కొత్త చిగుళ్ళు వచ్చాక మంచివి నాలుగు ఉంచి మిగిలినవి తీసేస్తారు. కావాలంటే వాటి మీద మంచి రకం అంటు కడతారు. రెండు మూడేళ్ళలో మళ్ళీ కాపు మొదలవుతుంది. నలభై ఏళ్ళ వేరు బలం ఆ కొత్త కొమ్మకు దక్కుతుంది. ముసలితనంలో తౌబా చేసుకున్నవారిలోనూ మేము ఇదే చూశాము. వ్యాపారంలో చూపిన పట్టుదలే తర్వాత మసీదు మొదటి పంక్తిలో కనబడుతుంది.

కాని వాయిదా వేయకూడదు. ఇమామ్ గజాలీ (1058-1111) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో తౌబాను వాయిదా వేసేవాడిని ఒక మనిషితో పోల్చారు. చెట్టును పెకలించవలసిన ఆ మనిషి, అది గట్టిగా ఉందని చూసి, మరుసటి ఏడు వస్తానంటాడు. ఏడు గడిచేకొద్దీ చెట్టు వేరు బలపడుతుంది, మనిషి బలం తగ్గుతుంది. ఇంతకు మించిన తెలివితక్కువతనం ఏముంటుంది?

అలవాటు, ఆరాధన

ఒక సందేహం రావచ్చు. ఆలోచించకుండా చేసేదే అలవాటయితే, అలవాటుగా చేసే నమాజుకు విలువేముంది? ఇది మంచి ప్రశ్నే. ఫఖీహులు దీనికి స్పష్టమైన గీత గీశారు. ఆదత్‌ను ఇబాదత్ నుంచి వేరు చేసేది నియ్యత్. తెల్లవారుజామున చల్లదనం కోసం స్నానం చేస్తే అది అలవాటు. అదే స్నానం జుమా కోసం చేస్తే ఆరాధన. అలవాటు మన కాళ్ళను మసీదు దాకా తెస్తుంది. హృదయాన్ని లోపలికి తేవడం సంకల్పం పని. కాళ్ళను తెచ్చే శ్రమ తగ్గితే, హృదయంపై పెట్టడానికి శక్తి మిగులుతుంది. కాబట్టి అలవాటు ఆరాధనకు శత్రువు కాదు. తక్బీరుకు ముందు ఒక్క క్షణం ఆగి, ఎవరి ముందు నిలబడుతున్నామో తలచుకుంటే చాలు.

ఆచరణలో పెట్టుకుందాం

1. ఒకేసారి పది మంచి పనులు మొదలుపెట్టకండి. ఒక్కటి ఎంచుకోండి. రోజుకు ఖుర్ఆన్ అయిదు ఆయతులు, అర్థంతో సహా చదివినా చాలు.

2. దాన్ని ఇప్పటికే చేస్తున్న పనికి తగిలించండి. ఫజ్ర్ తర్వాత, దుకాణం తెరవగానే, పడక మీద - ఏదో ఒకటి ఖాయం చేసుకోండి.

3. చెడు అలవాటు మానేటప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంచకండి. చాచా బీడీ మానేశాక జేబులో లవంగాలు వేసుకున్నారు. పాత స్నేహం, పాత అడ్డా పిలుస్తుంటే దారి మార్చండి.

4. పొరపాటు జరిగితే వెంటనే తౌబా చేసుకుని తిరిగి మొదలుపెట్టండి. నిరాశ విశ్వాసి లక్షణం కాదు.

5. మానేశాం కదా అని ధీమా పడకండి. అంటు కింద చిగురు వచ్చిందేమో రోజూ రాత్రి ఒకసారి చూసుకోండి. మన పెద్దలు దీన్నే ‘ముహాసబా’ అన్నారు.

చివరగా ఒక మాట. ఆ చాచాకు గత ఏడాది పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. ఏళ్ళ తరబడి ఫజ్ర్‌కు మసీదు తలుపు తెరిచిన మనిషి మంచం పట్టారు. మేము చూడటానికి వెళితే కన్నీళ్ళు పెట్టుకున్నారు. “అన్నీ ఆగిపోయాయి మౌల్వీ సాబ్. ఇక నా ఖాతాలో ఏం పడుతుంది?” అని మాట తడబడుతూ అడిగారు. మేము ఆయనకు బుఖారీలోని హదీసు వినిపించాము. దాసుడు జబ్బుపడినా, ప్రయాణంలో ఉన్నా, ఆరోగ్యంగా ఇంటి దగ్గర ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన ఆచరణల పుణ్యం అతనికి రాయబడుతూనే ఉంటుందని అందులో ఉంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎడమచేతి వేళ్ళ మీద నెమ్మదిగా తస్బీహ్ లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు.

పాఠక సోదరులారా! సోదరీమణులారా! శరీరం ఆగిపోయే రోజు మనందరికీ వస్తుంది. ఆ రోజు మన పేరిట ఏం రాయబడుతూ ఉంటుందో, ఈ రోజు మనం ఏం అలవాటు చేసుకుంటున్నామన్న దానిపై ఆధారపడి ఉంది. ఆరోగ్యం ఉండగానే అంటు కట్టుకుందాం, కింది చిగుళ్ళను తుంచుకుందాం. అల్లాహ్ మన చెడు అలవాట్లను దూరం చేసి, మంచి అలవాట్లపై ఇస్తిఖామత్ ప్రసాదించుగాక! ఆయన స్మరణ మన నాలుకలపై ఉండగానే మనకు అంతిమ ఘడియ రానిచ్చుగాక! ఆమీన్.